ఉత్తరముల వరుస

ఉత్తరము వ్రాయుట యొక విద్య. వచ్చిన యుత్తరమునకు తగిన బదులు వ్రాయుట అంతకంటె కష్టమైన విద్య. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గంజాం జిల్లాలో నొక కచేరీయందు ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాపని చేసిన మాబోటివారికి ఈ సంగతి అనుభవమున తెలిసినది.

ఆ కచేరీలో ఒక విషయమునకు ఒక ఫైలు. వచ్చిన కాగితములు, పోయిన వాని నకళ్లు ఒక ప్రక్క. వానిపై వ్రాసిన నోట్లు మఱియొక ప్రక్క. ప్రతి కాగితమునకును వరుస సంఖ్య. క్రొత్త విషయమును పాత ఫైలులో దూర్చినచో హెడ్డుగుమాస్తాగారు తిప్పి పంపెడివారు. పదేండ్ల తరువాత వచ్చిన యధికారికిని ఆ వరుస చూచినంతనే వ్యవహారమంతయు బోధపడుచుండెను.

1936లో గంజాం ప్రాంతము ఒరిస్సాలో చేరెను. ఇచ్చటనే నిలిచిన తెలుగువారి బిడ్డలు నేడు హైదరాబాదు, పూనా, అమెరికాలలో నున్నారు. అందఱితోను సంఘవ్యవహారము నడపుటకు ఈమెయిలే సాధనము. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ 'ఎట్' గుర్తునుంచి ఇట్టి యుత్తరమును పంపెను.

ప్రతి ఈమెయిలునకును కంటికి కనబడని గుర్తింపు ఒకటి యుండును. మనము 'రిప్లై' నొక్కగానే, ఏ యుత్తరమునకు బదులో దాని గుర్తింపును, అంతకు ముందటివాని గుర్తింపులును మన యుత్తరములో చేరును. వానిని పట్టుకొని యంత్రము ఉత్తరములను దండగా గ్రుచ్చును. కావున పాత యుత్తరమునకు రిప్లై నొక్కి క్రొత్త సంగతి వ్రాసినచో అది పాత దండలోనే చిక్కుకొనును. జీమెయిలులో శీర్షిక మార్చినచో దండ వేఱుపడును గాని, అన్నిచోట్ల నట్లు జరుగదు.

దీనివలన కలిగిన నష్టమొకటి మేమెఱుగుదుము. ఒక సంఘమున ఉగాది విందును గూర్చి ఉత్తరములు నడచుచుండెను. పులిహోర ఇంట చేయుటయా, వంటవానికి చెప్పుటయా యని చర్చ. ఆ దండలోనే యొక వృద్ధురాలు, తన భర్త కూర్చిన తెలుగు పుస్తకములు రెండు బీరువాలున్నవనియు, ఇల్లు ఖాళీ చేయుచున్నామనియు, సంఘము తీసికొనవలయుననియు వ్రాసిరి. చేతికందిన యుత్తరమునకు ఆమె రిప్లై నొక్కిరి. వేఱుగా వ్రాయవలయునని ఆమెకు చెప్పినవారు లేరు. దానిపై 'బాగు బాగు', 'అటులనే కానిండు' అను జవాబులు ఇరువదికి పైగా పడెను. నెల గడచిన పిదప మేము మొదటినుండి చదువుచు రాగా అది కనబడెను. వెళ్లి చూడగా ఒక బీరువా పుస్తకములు అప్పటికే తూకమునకు పోయినవి. మిగిలినవానిని రిక్షాలో తెచ్చితిమి. ఒడియా బడులలో చదువు మన పిల్లలకు తెలుగు పుస్తకము దొరకుటయే అరుదు. అట్టిచోట ఒక బీరువా పోవుట చిన్న నష్టము కాదు.

అందుచేత మిత్రులకు మేము చెప్పునవి కొన్ని మాటలు. క్రొత్త విషయమునకు క్రొత్త యుత్తరము మొదలిడుడు. శీర్షికలో 'నమస్కారము' అని కాక, విషయమును వ్రాయుడు. జవాబిచ్చునపుడు పాత యుత్తరమంతయు మోయక, కావలసిన రెండు పంక్తులుంచి, వాని క్రింద మీ మాట వ్రాయుడు. అభినందనలు ఒక్కరికే పంపిన చాలును. 'రిప్లై ఆల్' అందఱకును పనియున్నప్పుడే. 'సీసీ' యనగా మన కార్బను కాగితపు నకలే. ఒకరినొకరు ఎఱుగని పలువురకు వ్రాయునపుడు చిరునామాలను 'బీసీసీ'లో నుంచుట మర్యాద. చర్చ ముగిసిన పిదప, ఏమి నిశ్చయమైనదో, ఎవరు చేయవలయునో ఒకరు నాలుగు పంక్తులలో వ్రాసి పంపవలయును. ఇది గుమాస్తా పని, ఎవరైనను చేయవచ్చును.

ఇక కోపము. 1995లో వెలువడిన ఇంటర్నెట్టు మర్యాదల పత్రమందును, ఉద్రేకముతో వ్రాసిన జవాబును ఒక రాత్రి యాపి పంపుమని యున్నది. మా హెడ్డుగుమాస్తాగారును అట్టి నోటును సాయంత్రము సొరుగులో నుంచి, ఉదయమున తీసి చదువుకొమ్మనెడివారు. తెల్లవాఱిన పిదప అందు సగము మేమే కొట్టివేయుచుంటిమి.

పరాయి భాషల నడుమ నున్న మనము కొలదిమందిమి. ఒకరి యుత్తరమును ఒకరు తుదివఱకు చదువుదుముగాక.