పదకొండు మంది గురువులు – ఒక పాల చీటీ

"గురువు లేని విద్య గుడ్డి విద్య" అంటారు పెద్దలు. గురువులు మరీ ఎక్కువైపోతే ఆ విద్య ఏమవుతుందో మాత్రం పెద్దలెవరూ చెప్పినట్లు లేదు. ఆ సంగతి నేను సొంత ఖర్చు మీద తెలుసుకున్నాను. సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, కవిత్వం నాకు చేతకాదు గనుక, నా తెలివితక్కువతనం గురించే వ్రాస్తానన్నాను. "అదయితే అందరికీ పనికొస్తుంది" అన్నారు వాళ్లు. ఇక నా పూచీ లేదు.

మాది బొల్లారం. ఆ పేరు చెప్పగానే నగరంలోని మిత్రులు సికింద్రాబాదు దగ్గర రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం అనుకుంటారు. అది కాదు. మాది సంగారెడ్డి జిల్లా, పారిశ్రామికవాడ బొల్లారం. మా పటాన్‌చెరు, బొల్లారం వాగుల్లోనూ చెరువుల్లోనూ కలిసిన ఫ్యాక్టరీ నీళ్ల గురించి 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఏ బోరు నీళ్లు పైరుకు పనికొస్తయో, ఏవి పనికిరావో మా నాయిన నాలుక మీద వేసుకొని చెప్పగలడు. వ్యవసాయం అనేది మాకిప్పుడు కొద్దిపాటి పశుగ్రాసం, రెండు బర్రెలు. ఇల్లు గడిచేది పాల మీదనే. ఈ మాట ఇక్కడెందుకంటే, నా కంప్యూటర్ చదువు చివరికి ఆ బర్రెల దగ్గరికే వచ్చి ఆగింది.

డిగ్రీలో నేను గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు తీసుకున్నాను. మొదటి సెమిస్టరులోనే 'సి' భాష. క్లాసులో అధ్యాపకులు చక్కగానే చెప్పేవారు. కాని నా పక్కన కూర్చున్నవాళ్లు ఇంటర్మీడియట్ నాటికే కంప్యూటరుతో ఆడుకున్నవాళ్లు. నేను కీబోర్డు మీద సెమికోలన్ ఎక్కడుందో వెతుక్కునే వాణ్ణి. లేచి అడిగితే నవ్వుతారేమోనని భయం. అమీర్‌పేటలో కోచింగుకు పోదామంటే ఫీజుకు డబ్బులెక్కడివి? అప్పుడు ఒక స్నేహితుడు ధైర్యం చెప్పాడు: "యూట్యూబులో లేనిదేముందిరా! ప్రపంచంలోని ప్రొఫెసర్లందరూ నీ జేబులోనే ఉన్నారు."

మాట నిజమే. బొమ్మ ద్వారా పాఠం చెప్పాలన్న కోరిక మన దేశంలో కొత్తదేమీ కాదు. 1975–76లో 'సైట్' అనే ప్రయోగం క్రింద అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. 1984లో యూజీసీ వారు దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థుల కోసం పాఠాలు మొదలుపెట్టారు. అప్పుడు పాఠం వచ్చే వేళకు విద్యార్థి వెళ్లి కూర్చోవాలి. ఇప్పుడు విద్యార్థి లేచే వేళకు పాఠమే వచ్చి కూర్చుంటుంది. వాళ్లకు పాఠాలు తక్కువై కష్టం. నాకు ఎక్కువై కష్టం.

'సి భాష, మొదటి పాఠం' అని వెతికితే వచ్చిన వీడియోలకు అంతు లేదు. ఒకాయన గొంతు బాగుంది. ఇంకొకాయన బోర్డు మీద అందంగా వ్రాస్తాడు. మరొకాయన తెలుగులో మొదలుపెట్టి, అసలు విషయం వచ్చేసరికి ఇంగ్లీషులోకి వెళ్లిపోతాడు. ఒక వరుస మొదలుపెట్టడం, నాలుగో పాఠం దగ్గర కష్టమనిపించడం, "ఈయన సరిగా చెప్పడం లేదు" అని తీర్పు చెప్పి ఇంకొకరి మొదటి పాఠానికి పోవడం – ఇదీ నా చదువు. 'హలో వరల్డ్' అని తెర మీద చూపే ప్రోగ్రాం మీకు తెలుసు కదా. కెర్నిగన్, రిచీ 1978లో వ్రాసిన 'సి' పుస్తకం ద్వారా అది లోకమంతా పాకింది. ఆ ఒక్క ప్రోగ్రామును నేను పదకొండు మంది గురువుల దగ్గర పదకొండు సార్లు చూశాను. నా చేత్తో టైపు చేసింది మాత్రం ఒక్కసారి.

ఆ ఒక్కసారి కూడా అచ్చిరాలేదు. వీడియోలో ఉన్నది ఉన్నట్లు కొడితే ఫోనులోని కంపైలర్ తప్పులు చూపింది. 'క్లియర్ స్క్రీన్' ఏమిటో తెలియదంది, 'కోనియో' ఫైలు దొరకలేదంది. నాకే బుర్ర లేదనుకొని రెండు రోజులు అన్నం సహించలేదు. తరువాత ల్యాబులో మా సార్ చూసి నవ్వి చెప్పారు: ఆ వీడియో చేసినాయన వాడింది టర్బో సి. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన పాత సరుకు. ఆ రెండూ దాని సొంత సదుపాయాలే తప్ప 'సి' భాష ప్రమాణంలోనివి కావు. పైథాన్ నేర్చుకునే మిత్రులకూ ఇదే గండం ఉంది. 2008లో మూడో పైథాన్ వచ్చింది, 2020 జనవరి 1తో రెండో పైథాన్‌కు మద్దతు ఆగిపోయింది. అయినా 'ప్రింట్' తరువాత బ్రాకెట్లు లేని పాత పాఠాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. విత్తనం కొనేటప్పుడు సంచి మీద తేదీ చూడందే మా నాయిన డబ్బు తీయడు. పాఠం మీద తేదీ చూడాలని నాకు తోచలేదు!

మంచి పాఠాలు లేవని కాదు. వెతకగా వెతకగా దొరికాయి. ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఉంది. దానిలో కాన్పూరు ఐఐటీ వారి 'సి' పాఠాలు, రోపడ్ ఐఐటీ వారి 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్', చెన్నై మాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ గారి పైథాన్ పాఠాలు ఉన్నాయి. చూడటానికి పైసా ఖర్చు లేదు, పరీక్ష వ్రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. మా జిల్లాలోనే కందిలో ఐఐటీ ఉంది. దాని గేటు ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయినా లోపలికి పోయే యోగం నాకు కలగలేదు. దాని తోబుట్టువుల పాఠాలు మాత్రం మా బర్రెల కొట్టంలోకి వచ్చాయి. అమెరికాలోని హార్వర్డు వారి 'సీఎస్ 50'లో డేవిడ్ మలాన్ అనే అధ్యాపకుడు టెలిఫోన్ డైరెక్టరీని సగానికి చించి, మళ్లీ సగానికి చించి, పేరు వెతికే పద్ధతిని చూపిస్తాడు. అది ఒకసారి చూసినవాడు బైనరీ సెర్చ్ మరచిపోలేడు.

అయితే నాలాంటివాడికి ఎక్కువ ఉపకారం చేసింది బొంబాయి ఐఐటీ వారి 'స్పోకెన్ ట్యుటోరియల్'. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు. చాలా పాఠాలు తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి. వారు పెట్టిన నియమం ఒక్కటే: తెర మీద ఒక పక్క పాఠం, ఇంకో పక్క నీ పని. వాళ్లు ఒక అడుగు వేసి ఆగుతారు, నువ్వూ ఆ అడుగు వేయాలి, తరువాతనే ముందుకు. అది చాలా చిన్న నియమం. కాని ఆ చిన్న నియమాన్నే నేను పాటించలేదు. బస్సులో నిలబడి, రెట్టింపు వేగంతో, చెవిలో తీగ పెట్టుకొని పాఠాలు "పూర్తి" చేశాను. మొదటి సంవత్సరం ముగిసేసరికి నూటికి పైగా పాఠాలు చూసి ఉంటాను. నాకు 'సి' వచ్చని ఇంట్లో చెప్పుకున్నాను.

ఒక రాత్రి నాయిన నా వెనుక నిలబడి కాసేపు చూశాడు. "ఆ సారు బాగనే చెప్తున్నడు. మరి నువ్వేం జేస్తున్నవ్?" అన్నాడు.

"నేర్చుకుంటున్న నాయినా."

"చేతులు కట్టుకోనా?" అని లోపలికి పోయాడు.

నాకు రోషం వచ్చింది. నా విద్య ఏమిటో చూపించాలనుకున్నాను. మా పాలు పోసే కేంద్రంలో పదిహేను రోజులకొకసారి చీటీ ఇస్తారు. రోజూ ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అన్నది దానిలో ఉంటుంది. క్రింద చేతికొచ్చే మొత్తం ఒక్కటే వ్రాస్తారు. దాణా సంచుల మీద మేము తీసుకున్న బాకీకి నెలకు 1,500 రూపాయల వాయిదా, అది దానిలోనే పట్టుకుంటారు. ఈ లెక్కకు ప్రోగ్రాం వ్రాశాను. మూడు రాత్రులు పట్టింది. మొట్టమొదటిసారి తప్పు చూపకుండా నడిచినప్పుడు నాకు కలిగిన ఆనందం వర్ణించలేను. చీటీలో అంకెలన్నీ ఎక్కించాను. నా ప్రోగ్రాం 8,640 రూపాయలు రావాలంది. చీటీలో ఉన్నది 7,890.

ఏడువందల యాభై రూపాయలు తక్కువ!

"నాయినా, కాక మనల్ని మోసం చేస్తున్నడు" అన్నాను. నాయిన నమ్మలేదు. "పన్నెండేండ్ల సంది పోస్తున్నం బిడ్డా, ఆయన అసుంటోడు కాదు" అన్నాడు. "కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నాను నేను. ఈ వాక్యం ఎంత గర్వంగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. రెండు పూటలు పోరితే నాయిన నా వెంట వచ్చాడు. పాలు పోయడానికి వచ్చిన పదిమంది ముందు నేను ఫోను తీసి కాకకు చూపించాను. పన్నెండేళ్లలో ఇట్లా ఎన్ని వందలు పోయాయో అని కూడా అన్నాను. నలుగురూ చేతిలోని తమ చీటీలు చూసుకోవడం మొదలుపెట్టారు.

కాక కోపం తెచ్చుకోలేదు. కళ్లజోడు సవరించుకొని అడిగాడు: "ఎంత తక్కువైందన్నవ్ బిడ్డా?"

"ఏడువందల యాభై."

"నెలకు దాణా వాయిదా ఎంత?"

"పదిహేను వందలు."

"పదిహేను రోజులకు?"

నేను నోరు తెరిచాను గాని మాట రాలేదు. కాక ఇంకేమీ అనలేదు. పాల క్యాను వైపు తిరిగాడు. నాయిన నా వైపు చూడలేదు. కాకకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి నడక సాగించాడు. తప్పు నాది, నమస్కారం ఆయనది.

దారిలో ఒక్కటే అడిగాడు. "మిషను తప్పు చేసిందా, నువ్వు చేసినవా?"

"నేనే నాయినా."

ఇంటికి వచ్చి చూశాను. రోజుల్ని 30తో భాగించి 1,500తో హెచ్చించమని వ్రాశాను. సూత్రం సరైనదే. కాని 'సి' భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే జవాబు కూడా పూర్ణాంకమే, దశాంశం తెగిపోతుంది. 15ను 30తో భాగిస్తే అర రాదు, సున్నా వస్తుంది. సున్నాను పదిహేను వందలతో హెచ్చిస్తే సున్నా. నా ప్రోగ్రాం అసలు వాయిదానే పట్టుకోలేదు. 30 బదులు 30.0 అని వ్రాసి ఉంటే సరిపోయేది. ఒక్క చుక్క, ఒక్క సున్నా! రెండో పైథాన్‌లోనూ ఇదే తీరు ఉండేది, మూడో దానిలో మార్చారు. వాయిదా ఎంత వచ్చిందో మధ్యలో ఒకసారి తెర మీద చూపించమని ఉన్నా అక్కడే దొరికిపోయేవాణ్ణి. చివరి మొత్తం ఒక్కటే చూసుకొని మురిసిపోయాను.

ఇక్కడ అసలు సిగ్గుపడవలసిన విషయం చెబుతాను. ఈ పూర్ణాంక భాగహారం గురించి ప్రత్యేకంగా ఒక పాఠం ఉంది. నేను చూసిన పాఠాల జాబితా తీసి చూస్తే, ఆ పాఠం ఇద్దరు వేరు వేరు గురువుల దగ్గర చివరిదాకా చూసినట్లుంది. రెండుసార్లూ రెట్టింపు వేగంతో. గురువులు చెప్పలేదని అనడానికి నాకు నోరు లేదు.

మరునాడు పొద్దున్నే పాలు నేనే తీసుకుపోయాను. నిన్న ఉన్నవాళ్లందరూ వచ్చేదాకా ఆగి, అందరి ముందూ తప్పు నాదని చెప్పి, దిద్దిన లెక్క చూపించాను. 7,890. చీటీలో ఎంతో అంత. కాక "మంచిది బిడ్డా" అని, ఆ రోజు పాల కొలత చేతితోనే పుస్తకంలో వ్రాసుకున్నాడు. నా ప్రోగ్రాం తనకు ఇవ్వమని అడగలేదు. అడగకపోవడమే న్యాయం.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. ఒకే వరుస పట్టుకున్నాను, కష్టమైన చోట గురువును మార్చకుండా పాఠాన్ని వెనక్కి తిప్పాను. పాఠం తేదీ చూస్తున్నాను. పది నిమిషాల పాఠానికి గంట పడుతోంది, ఎందుకంటే ఆపి టైపు చేసి, కావాలని ఒక తప్పు చేసి, ఏమవుతుందో చూస్తున్నాను. నడిచిన ప్రోగ్రాముకు నాకు ముందే జవాబు తెలిసిన లెక్క ఇచ్చి పరీక్ష చేస్తున్నాను. అర్థం కానిది క్లాసులో లేచి అడుగుతున్నాను. పదిమంది ముందు కాకకు క్షమాపణ చెప్పినవాడికి, క్లాసులో ప్రశ్న అడగడం ఎంత పని? నవ్వేవాళ్లు నవ్వారు. వాళ్లలో ఇద్దరు తరువాత నా దగ్గరికి వచ్చి, తమకూ అదే సందేహం ఉండేదని చెప్పారు.

కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు "అన్నా, ప్రోగ్రామింగుకు మంచి వీడియోలు ఏవి?" అని నన్ను అడుగుతుంటారు. పైన చెప్పిన పేర్లే చెబుతాను. అవన్నీ మంచివే. కాని ఆ పేర్లకన్నా ముందు నాయిన అడిగిన ప్రశ్నే వాళ్లను అడుగుతాను. ఆ సారు బాగనే చెప్తున్నడు, మరి నువ్వేం జేస్తున్నవ్?

పదిహేను రోజులకొకసారి చీటీ వస్తూనే ఉంది. నాయిన దాన్ని నా చేతికిచ్చి, తను వ్రేళ్ల మీద లెక్క వేసుకుంటాడు. నేను ఫోనులో వేస్తాను. రెండూ కలిసిన తరువాతనే చీటీ గూట్లోకి పోతుంది.