పాత పడవ అమ్మబడును

వైద్యవృత్తిలో జీవితమంతా గడిపినవానిని పదవీ విరమణ తర్వాత కూడా ఒక అలవాటు వదలదు. ఎదుటివారు చెప్పినదానికంటె, చెప్పక దాటవేసినదానిపైనే చెవి నిలుస్తుంది. "కొంచెం నీరసం, అంతే డాక్టరుగారూ" అని రోగి అన్నప్పుడు ఆ "అంతే" అన్న మాట దగ్గరే మేము ఆగుతాము. ఇప్పుడు నా దగ్గరకు రోగులు రావడం లేదు కనుక ఆ అలవాటును పాత పడవల అమ్మకపు ప్రకటనలపై ప్రయోగిస్తున్నాను.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉంటుంది. పదకొండు వేలకు పైగా సరస్సులున్న రాష్ట్రమది. ఒకప్పుడు మన పల్లెల్లో ఇంటి ముందు ఎడ్లబండి ఉన్నట్లు అక్కడ చాలా ఇళ్ల పక్కన పడవ కనిపిస్తుంది. చలికాలమంతా ప్లాస్టిక్ ముసుగులో నిద్రించిన ఆ పడవలు మంచు కరగగానే క్రెయిగ్స్‌లిస్ట్‌లోను, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోను అమ్మకానికి వస్తాయి. అక్కడ ఉన్న రోజులలో వార్తాపత్రిక కంటె ముందు నేను చదివేది ఆ ప్రకటనలనే. గుర్తున్నవాటిని నా మాటలలో చెబుతాను.

"పడవ ఉచితం. కింద ఉన్న ట్రెయిలర్ 800 డాలర్లు. విడిగా అమ్మబడదు." కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్న మన సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణ లేదు. ఈ ఔదార్యానికి కారణం ఉంది. ఫైబర్ గ్లాస్ పడవ కుళ్లదు, కాల్చరాదు, చెత్తకు పంపాలంటే ఎదురు డబ్బు కట్టాలి. ఉచితంగా ఇవ్వడమే యజమానికి లాభం.

మరొక దాని ఛాయాచిత్రంలో పడవ మధ్యలోనుంచి ఒక చెట్టు ఏపుగా పెరిగి ఉన్నది. "చెట్టును తొలగించుకొనే బాధ్యత కొనుగోలుదారుదే" అని కింద వినయంగా రాశారు. ఇంకొకటి ఒక ఇల్లాలు రాసినది: "ఈ ప్రకటన సంగతి మా ఆయనకు తెలియదు. ఆయన ఊరినుంచి వచ్చేలోగా తీసుకెళ్లేవారికి ధర తగ్గిస్తాను." మరొకాయన పడవకు బదులుగా గడ్డి కోసే యంత్రమైనా, పాలిచ్చే మేకలైనా సమ్మతమేనన్నాడు. పడవ ఉన్నవాడికి రెండే ఆనందకరమైన దినాలు, ఒకటి కొన్న రోజు, రెండోది అమ్మిన రోజు అని అక్కడివారి నానుడి. ఆ రెండో రోజు కోసం ఎదురుచూసేవారి ఆర్తి ఈ ప్రకటనలలో కనిపిస్తుంది.

తరచుగా కనిపించే వాక్యం మరొకటి ఉన్నది. "చివరిసారి ఆపినప్పుడు ఇంజిన్ చక్కగా నడిచింది." ఆపినది ఏ సంవత్సరమో ఉండదు. చనిపోయేదాకా ఆరోగ్యంగానే ఉన్నాడు అన్నట్లు లేదూ!

రోగి మాటను విన్న తర్వాత వైద్యుడు చేయి వేసి చూస్తాడు. పడవలకూ అటువంటి పరీక్షకులున్నారు. వారిని సర్వేయర్లంటారు. సర్వేయరు చిన్న సుత్తి పట్టుకొని పడవ అడుగుభాగమంతా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట శబ్దం స్ఫుటంగా పలుకుతుంది. లోపల నీరు చేరి పొరలు విడిపోయినచోట మొద్దుగా వినిపిస్తుంది. ఛాతీలో నీరు చేరిన రోగి వీపుపై మేము వేలితో తట్టి వినేదీ ఆ మొద్దు శబ్దమే. ఈ పరీక్షను 1761లో లోకానికి వెల్లడించిన ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ ఒక సత్రం యజమాని కుమారుడు. పీపాలో ద్రాక్షసారాయి ఎంతవరకు ఉన్నదో తట్టి తెలుసుకోవడం చిన్ననాట చూసి, దానినే మనిషి ఛాతీకి అన్వయించాడని చెబుతారు.

పడవకు బొబ్బలు కూడా వస్తాయి. ఏళ్ల తరబడి నీటిలో ఉన్న ఫైబర్ గ్లాస్‌లోకి తేమ ఇంకి, లోపలి పదార్థాలను కొంత కరిగించుకొని, ద్రవాభిసరణం వల్ల మరింత నీటిని లాక్కొంటుంది. ఆ బొబ్బను పొడిస్తే పుల్లని వాసన గల ద్రవం కారుతుంది. ప్రకటనలో దీనిని "పైపై మచ్చలు" అని రాస్తారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. పోయేది డబ్బే. కాని కొన్ని ప్రకటనలు చదివినప్పుడు నాకు నవ్వు రాదు.

"కొద్దిగా పెట్రోలు వాసన వస్తుంది, పాత పడవ కదా!" ఈ వాక్యానికి పడవ వయసుతో సంబంధం లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పడవ అడుగున చేరి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. ఇంజిన్ లోపల ఉండే పడవలలో దానిని బయటకు నెట్టే ఫ్యాను ఉంటుంది. కనీసం నాలుగు నిమిషాలు ఆ ఫ్యాను నడిపిన తర్వాతే ఇంజిన్ వేయాలన్నది నియమం. అప్పటికీ వాసన పోకపోతే ఇంజిన్ వేయనేకూడదు.

"పదిమంది పడుకోవచ్చు. జనరేటర్ ఉంది. వెనుక ఈతకు దిగే విశాలమైన వేదిక." పాత హౌస్‌బోట్ల ప్రకటనలివి. ఆ జనరేటర్ పొగ ఎక్కడ బయటకు వస్తుందన్నది మాత్రం రాయరు. ఆరిజోనా, యూటా రాష్ట్రాల మధ్యనున్న లేక్ పావెల్‌లో ఈతకు దిగినవారు ఆ వెనుక వేదిక కింద కార్బన్ మోనాక్సైడ్ పీల్చి మరణించగా, 2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు విచారించి ఈ ప్రమాదాన్ని బయటపెట్టారు. ఆరుబయట, నీటి మీద, గాలి వీస్తూండగా విషవాయువు ఏమిటని అప్పటివరకు ఎవరూ అనుకోలేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం కనిపిస్తాయి. పడవలో ఇవన్నీ అల వల్ల వచ్చిన వికారమేననుకొని మనిషిని లోపలి గదిలో పడుకోబెడతారు. అదే ప్రాణాపాయం. కోవిడ్ కాలంలో మనమందరం కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మి కూడా ధైర్యపడరాదు. ఆక్సిజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ అది వేరు చేయలేదు. ప్రాణం పోతున్నవారికి సైతం 98 చూపగలదు. ఇంజిన్ ఆపి, మనిషిని వెంటనే శుభ్రమైన గాలిలోకి తెచ్చి, అత్యవసర సహాయాన్ని పిలవాలి. ఆసుపత్రిలో ఇచ్చే చికిత్స ఆక్సిజన్.

"లైఫ్ జాకెట్లు ఉచితం, పడవతోపాటు వచ్చినవే." పడవ 1970ల నాటిదైతే జాకెట్లూ ఆనాటివే కావచ్చు. పూర్వం వాటిని బూరుగు జాతి దూదితో నింపేవారు. ఆ దూదిని ఉంచిన ప్లాస్టిక్ సంచి చిరిగితే నీరు లోపలికి పోయి, తేలే శక్తి క్షీణిస్తుంది. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్క ప్రకారం 2022లో అక్కడ పడవ ప్రమాదాలలో 636 మంది మరణించారు. మరణకారణం తెలిసినవారిలో నాలుగింట మూడువంతుల మంది నీట మునిగినవారే. అలా మునిగినవారిలో 85 శాతం మంది జాకెట్ ధరించలేదు. మనకూ ఈ దుఃఖం తెలియనిది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి మింగిన పర్యాటక పడవను మనం మరువలేము. జాకెట్ బల్ల కింద ఉంటే ప్రయోజనం లేదు. అది ఒంటిమీద, కొలతకు సరిపోయేదిగా, పట్టీలు బిగించి ఉండాలి.

ఇక, "చేతిపని తెలిసినవారికి మంచి అవకాశం" అన్న ప్రకటన చూసి పాత పడవను గీకి బాగుచేయాలని ఉత్సాహపడే యువకులకు ఒక మాట. ఫైబర్ గ్లాస్ ధూళి చర్మానికి, కళ్లకు, శ్వాసనాళాలకు చేటు. పాత రంగులలో సీసం వంటి విషలోహాలు ఉండవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకొంటే చాలదు. తగిన మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

మన పిల్లలు ఎందరో ఈనాడు సరస్సుల దేశాలలో స్థిరపడ్డారు. వేసవి సెలవులలో స్నేహితుడి పడవలో మనలను తప్పక తిప్పుతారు. సంతోషంగా వెళ్లండి. ఎక్కేముందు మాత్రం ఇంజిన్ పొగ ఎటు పోతున్నదో చూడండి. చిన్న మోటారు పడవలలో ఎందరు ఎక్కవచ్చో తెలిపే పలక బిగించి ఉంటుంది, దానిని చదివి తలలు లెక్కపెట్టండి. పెద్దవాళ్లు చాదస్తులనుకొంటారేమోనని సంకోచించవద్దు. పాత పడవను ఎంత చవకగా కొన్నా సరే, రెండు వస్తువులను మాత్రం కొత్తవే కొనమని చెప్పండి: లైఫ్ జాకెట్లు, పడవల కోసం తయారుచేసిన కార్బన్ మోనాక్సైడ్ అలారం.