యేపికొయ్యయు జిగురును

మా పాఠశాల ప్రాంగణమున వేపచెట్టు క్రింద నున్న పొడవైన బల్లనుగూర్చి తలిదండ్రులలో పలువురు ప్రశ్నించుచుండుటచేతను, దాని నిర్మాణమున మాతో శ్రమించిన బాలుర కోరికచేతను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము చేతిపని నేర్పువారము. మాకు ఉలి అలవడినంతగా కలము అలవడలేదు.

తలిదండ్రుల ప్రశ్నకు కారణము లేకపోలేదు. అంతకు ముందటి బల్ల పట్టణమున కొని తెచ్చినది. చూచుటకు మిక్కిలి సొగసుగా నుండెను. అతుకులన్నియు జిగురుతోనే నిలిపిరి, మేకొకటియైనను లేదు. ఒక వానకాలమును, ఒక వేసవియు గడచునప్పటికి కాలు విడిపోయి, దానిపై కూర్చున్న చిన్న బాలిక పడి మోచేయి విఱిగినది. క్రొత్త బల్లపై కూర్చుండుటకు బిడ్డలు జంకుచుండగా, అది నిలుచునని మేము మాటతో చెప్పిన చాలదు గదా.

ఈ బల్ల నారయేపి కొయ్యతో చేసినది. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరమున క్రొత్త జిల్లాలో చేరకముందు కర్నూలు జిల్లాలోనివి; ఆ కర్నూలు, కడప సీమల మెట్టడవులు యేపికి పుట్టినిండ్లు. దాని పట్టనుండి మోకులకు నార తీయుదురు గనుక ఆ పేరు వచ్చినది. టేకు నీట తేలును. యేపి చేవ బాగుగా ఎండినదైనను మునుగును. మన దేశపు కొయ్యలలో ఇంతకంటె బరువైనవి అరుదు. అట్టి దూలమును నేడు నల్లమలనుండి తెచ్చుకొందమన్న వీలులేదు. 1983లో ఆ అడవి పులుల సంరక్షణ పథకమున చేరినది. చేరుటయే మేలని మా యభిప్రాయము. కావున మాకు లభించినది పాత మిద్దె విప్పగా వచ్చిన ఒకే దూలము. పూర్వవిద్యార్థి యొకని కుటుంబమువారు దయతో నిచ్చిరి. ఒక కొన నిలువుగా చీలియుండెను. అది చెడిన మఱియొకటి లేదు.

జిగురు వాడవలెనా, వలదా యని తరగతిలో పెద్ద వాదము పుట్టినది. ఎడ్లబండ్లు చేసి తలనెఱసిన వడ్రంగి యొకరిని సలహాకై పిలిచితిమి. ఆయన బాలురను బయటికి తీసికొనిపోయి, గోడకు చేరవేసిన పాత బండిచక్రము చూపి, “దీంట్లో జిగురు యాడుందో చూపిచ్చండి నాయనా” అనెను. బాలురు చక్రమంతయు తడవి చూచి మిన్నకుండిరి. చక్రపుటాకులు నడిమి దిమ్మెలో బెజ్జములందు బిగిసియుండును. చుట్టును ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీళ్లు పోయగా, అది ముడుచుకొని సర్వమును ఒక్కటిగా బిగించును. వాగు దాటినను, రాళ్లదారిని నడచినను, ఏండ్లతరబడి ఎండలో నిలిచినను ఆ బిగువు చాలును. మన మార్కాపురపు పలకమాత్రము ఏమి? దాని రాయి కొయ్యచట్రపు గాడిలో నిలుచునేగాని జిగురుతో నిలువదు.

అయినను చీలిన దూలమును చీలతో కలుపలేము; అచ్చట జిగురే దిక్కు. అందుచేత ఏ జిగురన్న విచారము వచ్చినది. తుమ్మబంక నీట కరగిపోవును. చెంచులు అడవినుండి తెచ్చు తపసిబంక నీట నుబ్బును. పశువుల తోళ్లను, ఎముకలను ఉడికించి తీయు జిగురు ఇంటిలోని బీరువాకు చక్కగా పనిచేయునుగాని వానకు మెత్తబడును. రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లేయులు కొయ్యతో కట్టిన మస్కిటో విమానములకు మొదట పాలవిరుగుడు జిగురు వాడి, పిదప రసాయనపు జిగురునకు మారిరి. విరుగుడు జిగురు తేమకును, బూజునకును లోబడును. నేడు అంగళ్లలో విరివిగా దొరకు తెల్లజిగురు సామాన్యరకమైనచో ఎడతెగని తడిని ఓర్వదు. రెండు ద్రవములను కలిపి పూయు ఎపాక్సీ నీటికి జంకదు. కాని దానికిని ఎండ శత్రువే. సాధారణపు ఎపాక్సీ అఱువది డిగ్రీల ప్రాంతమున మెత్తబడ నారంభించును. మా యూరి వేసవి గాలియే నలువదియైదు డిగ్రీలు దాటుచుండగా, ఆ యెండలో నల్లనికొయ్య ఎంత కాగునో చేయి పెట్టి చూచినవారికి తెలియును. వేపనీడను ఎన్నుకొనుటకు ఇదియు నొక హేతువు.

అన్నిటికంటె మాకు నేర్పినది ఒక నీటిబొట్టు. చిక్కని కొయ్యకు రంధ్రములు సన్నము. అందలి బంకయు, చమురువంటి పదార్థములును మెల్లగా పైకి వచ్చి పొరకట్టును. మొద్దుబాఱిన చిత్రిక పట్టినచో పైభాగము నిగనిగలాడునుగాని జిగురును లోనికి పోనీయదు. దూలపు పాత ముఖముపై నీటిబొట్టు వేయగా ముత్యమువలె నిలిచినది. పదునైన అలుగుతో గీకిన చోట వేయగా వెంటనే పరచుకొని ఇంకిపోయినది. గీకిన ముఖమునకు ఆ పూటనే జిగురు పూయవలెను. మఱునాటికి మరల పొర చేరును. బిగింపులోను మితము కావలెను. బలముకొలది బిగించిన జిగురంతయు ప్రక్కలకు కారిపోయి, నడుమ ఏమియు మిగులదు.

ఇక కొయ్య కదలికమాట. కొయ్య తడికి ఉబ్బి, ఎండకు కుంగును. నిలువున దాదాపు మార్పులేదు. అడ్డమున నుండును, అందును వలయముల వెంబడి కలుగునది మూలమునుండి వెలుపలికి కలుగుదానికి ఇంచుమించు రెండింతలు. పొర ఒకే దిక్కున నడచు రెండు ముక్కలను అతికిన కలిసి కదలును. అడ్డదిడ్డముగా అతికిన ఒకదానితో నొకటి పోరాడి, తుదకు జిగురో కొయ్యయో ఓడును. పట్టణపు బల్ల కాలిలో మేము చూచినది ఇదియే.

కావున చీలికకుమాత్రము ఎపాక్సీ పూసితిమి. అచ్చట రెండు ప్రక్కల పొరయు ఒకటే. కాళ్లను బెజ్జములలో దిగగొట్టి కొయ్యచీలలు వేసితిమి. పైపలకలను వ్రేలు దూరునంత ఎడముంచి, పొడవైన రంధ్రములలో బోల్టులు బిగించితిమి. కదలదలచిన కదలనీయుడని వడ్రంగి తాత ఆజ్ఞ.

బాలురకు ఇంకను సంశయము తీరలేదు. మిగిలిన ముక్కలతో అయిదు జతలు అతికి, కార్తీకమాసమున కప్పుపై నుంచిరి. తుమ్మబంక జత తొలివానకే విడినది. తోలుజిగురు జత ఆ నెలలోనే పోయినది. తెల్లజిగురు జత వేసవి నడుమ చేతితో లాగగా వచ్చినది. గీకకుండ ఎపాక్సీ పూసిన నాలుగవ జత, ముఖములపై ఒక్క నారపోగైనను అంటకుండ, గాజువలె విడిపోయినది. జిగురు మంచిదైనను కొయ్యను పట్టలేదన్నమాట. గీకి అతికిన అయిదవ జతను వైశాఖమున సుత్తితో కొట్టించితిమి. మూడవ దెబ్బకు విఱిగినది. అతుకు చెక్కుచెదరలేదు, దాని ప్రక్కనున్న యేపికొయ్య చీలినది. ఆ ముక్కలు చేతిపని గదిలో కిటికీవద్ద నున్నవి. తలిదండ్రులు ఎప్పుడు వచ్చినను చూడవచ్చును.