లూపు నేర్పిన లెక్క

పదవీ విరమణానంతరం జావాస్క్రిప్టు నేర్చుకుంటున్నాను. పద్యంలో గణాలు లెక్కించే ప్రోగ్రాము వ్రాయాలని కోరిక. ‘ఫర్’ లూపు సున్నతో మొదలై, మాటలోని సంకేతాలను ఒక్కొక్కటిగా తాకుతూ చివర ఆగుతుంది, జపమాల త్రిప్పినట్టే!

‘స్త్రీ’ అని ఇచ్చాను. ఆరన్నది. ఛందస్సులో అది ఒక్క గురువే కదా! తరచి చూస్తే యూనికోడులో స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం, వెరసి ఆరే. పొల్లునూ, దాని తరువాతి హల్లునూ, గుణింతపు గుర్తునూ దాటవేయమని షరతు పెట్టాక ఒకటన్నది.

ఒకనాడు తరగతిలో ఇదే మాటకు “మూడక్షరాలు మాస్టారూ” అన్న పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టాను. ఎలా లెక్కించావని అడగలేదు. హల్లులు లెక్కపెట్టి ఉంటాడు. యంత్రాన్ని మాత్రం రెండు రోజులు ఓపికగా అడిగాను.