సెయింట్ సెర్గ్ కొండ దారి

జెనీవా అనగానే మా బోటి కాపరులకు కాల్విన్ గారు గుర్తుకు వస్తారు. 1564లో మరణించేవరకు ఆయన పరిచర్య చేసిన పట్టణమది. అయితే ఆ ప్రాంతానికి అండగా జూరా అనే కొండల వరుస ఉందనీ, అక్కడివారు సెలవు దినాన సైకిళ్ళ మీద ఆ కొండలెక్కడం వేడుకగా ఎంచుతారనీ వేదాంత కళాశాలలో మాకెవరూ చెప్పలేదు!

2022లో ప్రభువు కృపను బట్టి, జెనీవాకు సమీపాన బోస్సే ఎక్యుమెనికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని నెలలు చదువుకొనే అవకాశం నాకు కలిగింది. నేను కోనసీమవాణ్ణి. కాలువగట్ల మీద సైకిలు తొక్కుతూ పెరిగాను. మా దిక్కున ఎత్తు అంటే కాలువ వంతెనే. ఊపుగా నాలుగు తొక్కులు తొక్కితే అయిపోతుంది. అలాంటి నన్ను రువాండా నుండి వచ్చిన ఒక సహోదరుడు ఒక శనివారం సెయింట్ సెర్గ్‌కు రమ్మన్నారు. వారిది కొండల దేశం.

సరస్సు ఒడ్డున ఉన్న న్యోన్ పట్టణం ఎత్తు సుమారు 400 మీటర్లు. సెయింట్ సెర్గ్ గ్రామం 1,040 మీటర్ల దాపున ఉంది. ట్రేలెక్స్ అనే ఊరు దాటాక దారి అడవిలోకి ప్రవేశించి మెలికలు తిరుగుతుంది. అక్కడ నాకు అలవాటైన తొక్కుడు పనికిరాలేదు. "బ్రదర్, మాట్లాడగలిగినంత నెమ్మదిగానే తొక్కండి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టే," అన్నారు ఆయన. వెనుక చక్రానికి పెద్ద పళ్ళచక్రం, ముందు చిన్నది వేసుకుంటే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, సైకిలు మాత్రం నత్తలా కదులుతుంది. మన ఊళ్ళో ఎవరైనా చూస్తే నవ్విపోతారు. ఆ నత్తనడకే మనిషిని పైకి చేరుస్తుంది.

నాకు షుగరు ఉంది. మాత్రలు వాడుతున్నాను. అందుకే మా ఇంట్లోవాళ్ళు ఫోనులో మరీ మరీ చెప్పగా గ్లూకోజు పొట్లం జేబులో పెట్టుకున్నాను. అడవి మధ్యలో ఒక మలుపు దగ్గర చెమట చల్లబడి చేతులు వణకసాగాయి. కళ్ళు మసకలు కమ్మాయి. వెంటనే దిగి, గ్లూకోజు నీళ్ళలో కలుపుకొని తాగి, రాతి గోడ మీద కూర్చున్నాను. పావుగంట ఆగాలని డాక్టర్లు చెబుతారు. ఆ పావుగంట ఎంత పొడవో! మా ఇంటామె, ఇద్దరు పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. ఆ సహోదరుడు గడియారం చూడలేదు, తొందర పెట్టలేదు. తన రొట్టెలో సగం నాకిచ్చి, వాళ్ళ అమ్మగారు బీన్స్ పండించే కొండచరియ గురించి చెబుతూ కూర్చున్నారు. వణుకు తగ్గాక, "పైకా, కిందికా? ఏదైనా మంచిదే," అన్నారు. పైకే అన్నాను. అప్పటినుండి ప్రతి రెండు మలుపులకు ఒకసారి దిగి, ఇంత రొట్టె తిని, మళ్ళీ ఎక్కాం.

సెయింట్ సెర్గ్‌లో ఆకాశం తేటగా ఉంది. కింద సరస్సు, దానికి అవతల ఫ్రాన్సు వైపున 4,800 మీటర్లు దాటిన మాబ్లాఁ శిఖరం తెల్లగా కనబడ్డాయి. సృష్టికర్తను స్తుతించకుండా ఎవరుండగలరు! న్యోన్ నుండి 1916 మొదలుకొని ఆ ఊరికి సన్నగేజి రైలు నడుస్తోంది. "రైల్లో దిగుదామా?" అని అడిగారు. నాలో బలం తిరిగి వచ్చింది గనుక సైకిలు మీదనే దిగుదామన్నాను.

ఎక్కడం కంటే దిగడమే కష్టమని మైదానపువాళ్ళకు తెలియదు. చెమటతో తడిసిన ఒంటికి చలిగాలి ఈటెలా తగులుతుంది. అందుకని చొక్కా లోపల పాత వార్తాపత్రిక పెట్టుకున్నాం. సైకిలు పందేలవాళ్ళ పాత ఉపాయమట అది. బ్రేకు అదేపనిగా నొక్కిపట్టకూడదు, చక్రపు అంచు వేడెక్కిపోతుంది. మలుపు రాకముందే రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించి, వదలాలి. మళ్ళీ నొక్కాలి. న్యోన్ చేరేసరికి కాళ్ళు బాగానే ఉన్నాయి గాని వేళ్ళు ముడుచుకుపోయాయి. సోమవారం క్లాసులో పాఠం రాసుకోవడానికి కలం పట్టుకోలేకపోతే, పక్కన కూర్చున్న ఆ సహోదరుడే నా నోటుపుస్తకంలో కూడా రాసిపెట్టారు.