ఏడు గుంబజులు: ఎవరి డబ్బు, ఎవరి చేతులు

2013 వానలకు గోల్కొండ దగ్గరి బడీ బావోలి పడమటి గోడ కూలి బావిలోనే పడింది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న పెద్ద దిగుడు బావి అది. ఆమధ్య దాని గట్టు మీద నిలబడి చూశాను. కూలిన గోడ ఏదో చెప్పకపోతే కొత్తవాళ్లు గుర్తుపట్టలేరు. రాయి మీద రాయి, మధ్యలో సున్నం, అడుగున నీళ్లు. ఆ నీళ్లనే ఇప్పుడు చుట్టూ ఉన్న తోటలకు పెడుతున్నారు. గోల్కొండ దిగుడు బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో విశిష్ట స్థానం దక్కింది. మన దోమకొండ కోట కూడా ఆ ఏడాదే ఆ జాబితాలోకి ఎక్కింది.

బావి చూస్తే కడుపు నిండింది కానీ నేను వెళ్లింది డబ్బు సంగతి తెలుసుకోవడానికి. ఇంత పెద్ద పని ఎవరి సొమ్ముతో జరిగింది, ఇకముందు ఎవరి సొమ్ముతో నిలబడుతుంది? పాత కట్టడాల గురించి మాట్లాడేటప్పుడు మనం రాజుల పేర్లు చెప్పుకుంటాం, కళ గురించి చెప్పుకుంటాం. లెక్కల పుస్తకం తెరవం. తెరవకపోవడం వల్ల ఎంత నష్టపోయామో ఈ 106 ఎకరాల్లో తిరిగితే తెలుస్తుంది.

1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ వంశం వాళ్లంతా దాదాపుగా ఇక్కడే ఉన్నారు. చివరివాడైన అబుల్ హసన్ తానీషా మాత్రం దౌలతాబాద్ ఖైదులో పోయాడు, అతని సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. జనం దీన్ని సాత్ గుంబద్ అంటారు గానీ సమాధులు, మసీదులు, బావులు, హమాం అన్నీ కలిపితే వందకు అటూఇటూగా కట్టడాలున్నాయి. 2013 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఒప్పందం చేసుకున్నాయి. ఆ ట్రస్టు సొంత నిధులతో పాటు టాటా ట్రస్టులు ఇచ్చాయి, కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చింది. తారామతి, ప్రేమామతి సమాధుల కోసం అమెరికా రాయబారుల సాంస్కృతిక నిధి నుంచి 2019లో 1,03,000 డాలర్లు వచ్చాయి. 2024 జులై 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ప్రిన్స్ రహీం ఆగాఖాన్ సమక్షంలో ఈ వారసత్వ ఉద్యానం ప్రజలకు అందింది. అప్పటి నుంచి బాధ్యత రాష్ట్ర వారసత్వ శాఖది.

ఇస్మాయిలీ ముస్లింల ఇమాం పెట్టిన ట్రస్టు, ఒక పార్సీ కుటుంబం పెట్టిన ట్రస్టు, ఢిల్లీ సర్కారు, అమెరికా సర్కారు. షియా సుల్తానుల సమాధులకు ఇన్ని చోట్ల నుంచి డబ్బు రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. పైగా ఇబ్రహీం కుతుబ్‌షా మనకు పరాయివాడు కాడు. విజయనగరంలో ఏళ్ల తరబడి తలదాచుకుని, తెలుగు నేర్చి, తెలుగు కవుల చేత మల్కిభరాముడని పిలిపించుకున్నవాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆయన గుంబజు గోడ మీద ఒకప్పటి రంగు పలకల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దగ్గరికెళ్లి తల పైకెత్తి వెతికితే దొరుకుతాయి.

అసలు ఈ చోటుకు డబ్బు ఏర్పాటు కొత్తది కాదు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ సమాధులను గురించి రాశాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చిన పేదలందరికీ రొట్టె, పులావు పెట్టేవారట. పండగ రోజుల్లో సమాధుల మీద ఖరీదైన తివాచీలు పరిచేవారట. రోజూ అన్నం వండాలంటే రోజూ పనివాళ్లుండాలి, వాళ్లకు జీతం రావాలి, ఆ జీతానికి ఒక రాబడి ఉండాలి. చిమ్మేవాడు, దీపం పెట్టేవాడు, ఖురాను చదివేవాడు ఉన్న చోట కప్పు మీద రావి మొలక లేస్తే మర్నాటికే ఎవరో ఒకరు పీకేస్తారు. 1687లో రాజ్యం పోయాక ఆ రాబడి పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ పూనుకుని బాగు చేయించేదాకా తోట అడవిలా పడి ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో సిమెంటు పూశారు. ఆ సిమెంటు రాతి గోడలోకి వెళ్లిన తేమను బయటికి రానివ్వదు. లోపల ఉప్పు పేరుకుని పాత గచ్చు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది. మొన్నటి పదేళ్లలో ఖర్చయిన డబ్బులో కొంత ఆ సిమెంటును ఒలవడానికే పోయింది.

మహమ్మద్ కులీ సమాధి దగ్గర జనం ఎక్కువ. నలభై మీటర్లు దాటిన ఎత్తు, హైదరాబాదు కట్టించినవాడన్న పేరు. నాకు మాత్రం వంశకర్త సుల్తాన్ కులీ సమాధి దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపించింది. నల్లసానపు రాతి సమాధి మీద అక్షరాలు చెక్కారు. ఎదురుగా నిలబడితే ఏమీ కనబడదు. పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు మాత్రం ఒక్కో అక్షరం అంచు నీడ పట్టి పైకి లేస్తుంది. అక్కడ ఫారసీ చదువుకుంటున్న ఒకమ్మాయి చేతి ఫోనుతో ఆ అక్షరాలను ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసుకుంటోంది. ఎక్కడ ఏం రాసి ఉందో నాకు వేలితో చూపించింది. ఖురాను వాక్యాలు, ఆ తర్వాత చనిపోయినవాడి బిరుదులు. అందులో షా అన్న మాట లేదు. కుతుబ్ ఉల్ ముల్క్, బడే మాలిక్ అని మాత్రమే ఉంది.

"దీన్ని పట్టుకునే కదా సార్, షేర్వానీ గారు మన పాఠం మార్చింది" అందామె.

ఆమె మాట నిజం. 1518లో సుల్తాన్ కులీ తన ఏలికలైన బహమనీలను కాదని సొంతంగా సింహాసనమెక్కాడని చిన్నప్పుడు చదువుకున్నాం. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ ఈ సమాధి రాతనూ, గోల్కొండ జామా మసీదు శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అదే 1518లో వేసిన ఆ మసీదు శాసనంలో పాలకుడుగా ఉన్నది బహమనీ మహమూద్ షా పేరు. అంటే సుల్తాన్ కులీ అప్పటికి తనను తాను రాజునని ప్రకటించుకోలేదు. రెండు రాళ్లను సరిగ్గా చదివితే ఒక రాజ్యం పుట్టుక కథే మారిపోయింది. ఇలాంటి రాళ్లు ఈ తోటలో ఎన్నో ఉన్నాయి. నస్ఖ్, సుల్స్, నస్తాలీఖ్ రాతలు చదవగలిగి, తెలుగు శాసనాలు కూడా పోల్చి చూడగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. అబుల్ హసన్ కాలపు ఫర్మానాలు ఫారసీ, తెలుగు రెండింటిలో ఉన్నాయి. ఆ రెండూ వచ్చినవాళ్లను తయారు చేయాలంటే అయిదారేళ్ల ఉపకార వేతనం కావాలి. ఈ అమ్మాయి బస్సు చార్జీ ఇంట్లో అడిగి తెచ్చుకుంటోంది.

డబ్బిచ్చేవాళ్లకు గుంబజు కనబడుతుంది. బాగు చేయకముందు ఒక ఫోటో, చేశాక ఒక ఫోటో. శాసనం చదివే మనిషికి చూపించడానికి అలాంటి ఫోటో ఏముంటుంది? అందుకే చదువుకు పెట్టే సొమ్ము ఎప్పుడూ వెనకబడుతుంది. వెనకబడకుండా చూసుకున్న చోట్లు కూడా ఉన్నాయి. అరబ్బీ శాసన శాస్త్రానికి పునాది వేసిన మాక్స్ వాన్ బెర్షెమ్ పేరిట 1973లో జెనీవాలో ఒక ఫౌండేషన్ పెట్టారు. ఇస్లామిక్ ప్రాంతాల తవ్వకాలకూ శాసనాలకూ అది నిధులిస్తుంది. బ్రిటన్‌లోని బరకత్ ట్రస్టు ఇస్లామిక్ కళలు చదివేవాళ్లకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంది. అప్పటి ఆగాఖాన్ 1977లో వాస్తు పురస్కారం పెట్టి, రెండేళ్లకే హార్వర్డ్, ఎంఐటీల్లో ఇస్లామిక్ వాస్తు చదువుకు శాశ్వత నిధి ఏర్పాటు చేశాడు. కట్టడాలకు ఎంత ముందుచూపు చూపాడో చదువుకూ అంతే చూపాడు. బెర్షెమ్, బరకత్ పేర్లు చెబితే ఆ అమ్మాయి ఫోనులో రాసుకుంది. రాసుకుని, "హైదరాబాద్‌లో ఎవరూ ఇయ్యరా సార్?" అంది.

ఒకప్పుడు ఇచ్చారు. 1914లో నిజాం రాజ్యం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని తెచ్చుకుంది. ఆయన ఇక్కడ జీతం తీసుకుంటూనే దేశమంతటి అరబ్బీ, ఫారసీ శాసనాల సంకలనానికి సంపాదకుడుగా పనిచేశాడు. బీదర్ కట్టడాల మీద ఆయన రాసిన పుస్తకం లేకుండా దక్కను వాస్తు గురించి ఇవాళ్టికీ ఎవరూ మాట్లాడలేరు. అదే ఖజానా 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అజంతా బౌద్ధ చిత్రాలు రాలిపోకుండా నిలబెట్టింది. ముస్లిం రాజు సొమ్ముతో బుద్ధుడి బొమ్మలు బతికాయి. ఇవాళ ముస్లిం సుల్తానుల గుంబజులకు టాటాల సొమ్ము వచ్చింది. ఈ నేల మీద డబ్బు ఇలాగే తిరిగింది, ఇలాగే తిరగాలి కూడా.

అక్కణ్నుంచి ఊరికి ఆ చివర, సంతోష్‌నగర్ దిక్కు ఉన్న పైగా సమాధులకు వెళ్లాను. నిజాంల కింద పెద్ద జాగీర్దారులు పైగాలు. ఫలక్‌నుమా కట్టించిన వికార్ ఉల్ ఉమ్రా, ఆస్మాన్ జా ఇక్కడే ఉన్నారు. గోల్కొండ సమాధుల్లో కనిపించే భారీతనం ఇక్కడ లేదు. అంతా సున్నపు గార పని. జాలీలు, తీగలు, పూలు, చేతికి అందే ఎత్తులో సన్నటి నగిషీ. ఒక జాలీలో ఉన్న గళ్ల అల్లిక పక్క జాలీలో ఉండదు. ఈ సమాధులకు అదే అమెరికా నిధి 2023లో 2,50,000 డాలర్లు ప్రకటించింది, పని ఆగాఖాన్ ట్రస్టుకు అప్పగించారు. నేను వెళ్లేసరికి ఒకవైపు కర్రల మంచె మీద పని సాగుతోంది.

మేస్త్రి పాలమూరు దిక్కు మనిషి. యాభై దాటి ఉంటాయి. సున్నం కలిపే చోటికి తీసుకెళ్లి చూపించాడు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసి చల్లార్చి, గుంటలో నాననిస్తారు. నానేకొద్దీ అది వెన్నలా మెత్తబడుతుంది. ఇటుక పొడి, ఇసక కలిపి గానుగలో తిప్పుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, మారేడు గుజ్జు పడతాయి. పై పూతకు ఇంకా సన్నటి సరుకు. మేస్త్రి తాపీ మీద ఇంత ముద్ద తీసుకుని తాపీని నిట్టనిలువుగా ఒంచాడు. ముద్ద జారలేదు. కాసేపు అలాగే పట్టుకుని, వేలితో అంచు నొక్కి చూసి, సరిపోయిందని తలాడించాడు.

పువ్వు రేకు ఒకటి విరిగిపోయిన చోట పని చూశాను. మొదట పాత అంచును తడిపాడు. ఊరికే చల్లడం కాదు, రాయి తాగడం ఆపేదాకా తడుపుతూనే ఉన్నాడు. తర్వాత పలచటి పొర వేసి వదిలేశాడు. రెండో పొర ఇవాళ వేయరు. దాని మీద తడి గోనెపట్టా కప్పి వెళ్లిపోవాలి.

"ఇంకెన్నాళ్లు పడుతుంది మేస్త్రీ, ఈ ఒక్క పువ్వుకు?"

"సిమెంటయితే పొద్దుగాల కొడితె మాపటాళ్లకు గట్టివడ్తది సార్. సున్నం గట్ల గాదు. గాలి తాగుకుంట తాగుకుంట రాయైతది. తొందరవెడితె పగులుతది."

ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రమే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. అది నెమ్మదిగా జరగాల్సిన పని. ఎండ ముదిరితే పూత పీల్చుకోకముందే ఆరిపోయి నెర్రెలిస్తుంది. ఇక్కడే డబ్బుకూ సున్నానికీ పొసగదు. గ్రాంటుకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. సర్కారు నిధులు మార్చిలోపల ఖర్చు పెట్టాలని హడావిడి పడటం మనకు తెలియనిది కాదు. ఎండలు మొదలయ్యే ఆ రోజుల్లోనే తొందరగా పూత పూయించి బిల్లు పెడితే రెండు వానలకు పెచ్చులూడుతుంది. అప్పుడు సున్నం పనికిరాదని నేరం సున్నం మీదికి నెట్టి సిమెంటు తెస్తారు. గోల్కొండలో ఏళ్ల తరబడి పని నిలకడగా సాగడానికి కారణం ఎంత డబ్బు వచ్చిందన్నది ఒక్కటే కాదు, ఆ డబ్బు ఎంతకాలం ఆగగలిగిందన్నది కూడా. పదకొండేళ్లు ఓపిక పట్టిన సొమ్ము అది. వారసత్వానికి నిధులిచ్చే ప్రతి సంస్థా, ప్రతి శాఖా ముందు ఈ ఓపికను లెక్కలో రాసుకోవాలి.

రెండో సంగతి, పని పూర్తయిన తర్వాతి ఏడాది. కప్పు మీద మట్టి చేరుతుంది, పక్షులు రావి విత్తనాలు వేస్తాయి, వాన నీళ్లు పోయే తూములో ఆకులు అడ్డుపడతాయి. వీటికి పెద్ద నిపుణులు అక్కర్లేదు. సున్నం పని తెలిసిన నలుగురు, నిచ్చెన, తాడు చాలు. కానీ పునరుద్ధరణకు గ్రాంటిచ్చేవాళ్లు తూము శుభ్రానికి ఇవ్వరు, తూము శుభ్రం చేయనిదే పునరుద్ధరణ నిలవదు. తావెర్నియే చూసిన రోజుల్లో ఆ పనికి ఏటేటా రాబడి ఉండేది. ఇప్పుడూ అలాంటి మూలధనం ఒకటి కట్టి, దాని వడ్డీ ఈ పనికే వెళ్లేలా రాసిపెట్టాలి. సందర్శకుల టికెట్ల సొమ్ములో ఒక వాటా ఈ నేలకే మిగలాలి. హైదరాబాదు పేరు మీద గడించిన కంపెనీలు ఒక గుంబజుకు ఒకసారి రంగుల దీపాలు పెట్టించే బదులు ఒక జట్టు జీతానికి పదేళ్ల పాటు పూచీ పడితే ఎక్కువ మేలు.

మేస్త్రిని అడిగాను, ఇక్కడ పనైపోయాక ఎక్కడికి వెళతావని.

"యాడికి సార్? సిమెంటు పనికే. గండిపేట దిక్కు అపార్టుమెంట్లు లేస్తున్నయి. ఆడ రోజుకూలి మంచిగిస్తరు. సున్నం పని ఎవలడుగుతరు?"

ఎన్నో ఏళ్లు ఎవరెవరో ఇచ్చిన డబ్బుతో ఆ చేతులకు వచ్చిన పని అది. కార్వాన్‌లో టోలీ మసీదుంది, హయత్‌నగర్‌లో హయత్ బక్షీ బేగం మసీదుంది, అన్నిటికీ సున్నమే ఆధారం. వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి వీటన్నిటినీ చుట్టి వచ్చే జట్టు ఒకటి పెడితే వస్తావా అన్నాను.

"నెల జీతమైతె నేనొస్త. మా పిలగాన్ని గూడ తోల్కొస్త. వాడు డిగ్రీ సదివి ఖాళీగున్నడు, ఇది నేర్పిస్త."

ఆయన పేరు, ఫోను నంబరు రాసుకున్నాను. వారసత్వ శాఖకు పంపే ఉత్తరంలో ఆయనది మొదట పెడుతున్నాను, ఫారసీ చదివే ఆ అమ్మాయిది రెండోది.