సామ్సో: గాలిమరల్లో ఊరివాళ్ల వాటా

డెన్మార్క్‌లో జట్లాండ్ తీరాన హౌ రేవులో ఓడ ఎక్కితే గంటలో సామ్సో దీవి వచ్చేస్తుంది. దిగగానే చెవుల్లో గాలి హోరు. మనకు రోహిణి కార్తె దాటిన జూన్‌లో అక్కడ స్వెట్టర్ విప్పబుద్ధి కాదు!

సైకిలు అద్దెకు తీసుకున్నాను. ఎటు చూసినా బంగాళదుంప చేలు, వాటి వెనక తెల్లటి గాలిమరలు. వాటిని గుర్తు పెట్టుకుందామంటే అన్నీ ఒకేలా ఉన్నాయి. తిరిగిన దారే మళ్లీ తిరిగి, ట్రాక్టరు మీద వస్తున్న పెద్దాయనను ఆపి అడిగాను. ఆయన దారి చెప్పి, ఎదురుగా తిరుగుతున్న మరను చూపించి, "అందులో నాకూ వాటా ఉందండీ" అన్నాడు.

ఎంత ముచ్చటేసిందో! మన శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీదా గాలిమరలున్నాయి, కానీ అవి కంపెనీలవి. సామ్సోలో రైతులు, సహకార సంఘాలు, స్థానిక పాలకమండలి కలిసి పెట్టుబడి పెట్టారు. తరగని వనరులతో నడిచే దీవి కోసం 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచాక, 2000 నాటికి నేల మీద 11, 2003 నాటికి సముద్రంలో 10 మరలు నిలబెట్టారు. అంతకుముందు బొగ్గు కరెంటు మోసుకొచ్చిన సముద్రపు కేబుల్ దారిలోనే ఇప్పుడు మిగులు కరెంటు అవతలి ఒడ్డుకు వెళ్తోంది. గాలి ఆగినప్పుడు అటునుంచి తెచ్చుకుంటారు.

దీవిలోని బాలెన్ ఊరి దగ్గర నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గడ్డి బాయిలరు. పెద్ద పెద్ద గడ్డి కట్టలు ఒకదాని వెనక ఒకటి పొయ్యిలోకి జరుగుతాయి. కాగిన నీళ్లు భూమిలోని గొట్టాల గుండా ఇంటింటికీ చేరి గదుల్ని వెచ్చబెడతాయి. చల్లారి తిరిగొచ్చిన నీళ్లు మళ్లీ కాగుతాయి. మన దగ్గర కోత అవగానే చేలోనే తగలబెట్టే వరిగడ్డి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆకలేస్తే రోడ్డు పక్కన చిన్న బల్ల కనిపించింది. దాని మీద కొత్త దుంపల సంచులు, ఒక డబ్బు పెట్టె. అమ్మేవాళ్లెవరూ లేరు! మన రైతుబజారులో ఊహించగలమా? ఆ దుంపల్నే ఉడికించి, వెన్న వేసి హోటల్లో పెట్టారు. కారం లేకపోయినా కమ్మగా ఉన్నాయి.

2023లో ప్రపంచ కరెంటులో గాలి, ఎండ, నీరు వంటి తరగని వనరుల వాటా 30 శాతం దాటింది. డెన్మార్క్‌లో ఒక్క గాలి నుంచే సగానికి పైగా వస్తోంది. మన కొండల మీదా మరలు ఇంకా లేస్తాయి. వాటిలో ఊరివాళ్లకూ వాటా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మీరు వెళ్తే కొత్త దుంపలొచ్చే జూన్‌లోనే వెళ్లండి. చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి, గాలిమరలు ఎవరివని కనిపించిన రైతునల్లా అడగండి.